విక్టోరియా చెయ్యి

జూలై 6, ఆదివారం

విజయ్ కుమార్ మేడిపల్లి నుంచి వచ్చి వెళ్ళాడు. సెప్టెంబరుకు వాళ్ళక్క విక్టోరియా పోయి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారట. విక్టోరియా దగ్గర పియానో నేర్చుకున్న పిల్లలందరికీ కబురు పంపారట. పిల్లలంటే ఇప్పుడు వాళ్ళకే పిల్లలు.

"బావ, కీర్తనలు మేం పాడుతం. వాక్యం పాస్టర్ గారు చెప్తరు. అక్క వాయించింది ఒక్కటి వినిపిస్తె మంచిగుంటది. నీ దగ్గర క్యాసెట్లున్నయి గద" అన్నాడు.

ఉన్నాయి. బీరువా కింది అరలో రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఇస్తానన్నాను. అదేం పెద్ద పని.

జూలై 9

టేప్ రికార్డర్ తిరగడం లేదు. ఉప్పల్ రింగు రోడ్డు దాకా తీసుకెళ్తే అక్కడి కుర్రాడు మూత విప్పి చూసి, లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయిందన్నాడు. వేరేది వేస్తానన్నాడు. వచ్చేటప్పుడు స్కైవాక్ మీద కాసేపు నిలబడ్డాను. మా పెళ్ళయిన కొత్తలో ఇక్కడ నిలబడితే ఏం కనబడేదో గుర్తు తెచ్చుకుందామని చూశాను. అప్పుడు ఇంత ఎత్తున నిలబడడానికి ఇక్కడ ఏమీ లేదు కదా.

జూలై 13, ఆదివారం

ఒక్క క్యాసెట్ మీద కూడా ఏమీ రాసి లేదు. ఏది ఏదో ఆమెకు తెలుసు. ఇంకొకరు వెతుకుతారని ఎందుకనుకుంటుంది.

అంతా షోపానే. పోలండ్‌లో పుట్టి, పారిస్‌లో చిన్న వయసులోనే పోయిన మనిషి. పియానో కోసం తప్ప దాదాపు ఇంక దేనికీ రాయలేదని విక్టోరియా చెప్పేది. సికింద్రాబాదులో మిషన్ హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి టీచరమ్మ అలవాటు చేసిన పిచ్చి. పెళ్ళయిన కొత్తలో నేను ఆ పేరు స్పెల్లింగు చూసి 'చోపిన్' అన్నాను. వారం రోజులు నవ్వింది. తర్వాత ఎప్పుడైనా నా మీద కోపం వస్తే "చోపిన్ గారూ, అన్నం చల్లారుతుంది" అనేది. అంతటితో కోపం పోయేది.

చిక్కేమిటంటే, ఒకే పాట నాలుగైదు చోట్ల ఉంది. లైబ్రరీ నుంచి పెద్ద విద్వాంసుల రికార్డులు తెచ్చి క్యాసెట్లోకి ఎక్కించుకునేది. రేడియోలో వస్తే అదీ ఎక్కించేది. ఆ తర్వాత అదే పాట తను వాయించి ఎక్కించేది. అన్నీ ఒకే రకం క్యాసెట్లు.

పర్వాలేదు. ఆమె చెయ్యి నాకు తెలియదా.

జూలై 16

ఇంకా వింటున్నాను.

జూలై 20, ఆదివారం

దొరికింది.

నాక్టర్న్ అంటారు వాటిని, రాత్రి కోసం రాసిన పాటలు. ఎడమ చెయ్యి నీళ్ళు కదిలినట్టు కదులుతూ ఉంటుంది, దాని మీద కుడి చెయ్యి ఒక మనిషి తనలో తాను మాట్లాడుకున్నట్టు వాయిస్తుంది. ఇది విన్నవాటన్నింటిలోకీ గొప్పగా ఉంది. ఎక్కడా తడబాటు లేదు. వెనక మన ముందుగదిలోని ఫ్యాన్ టిక్కు టిక్కుమంటోంది. వీధిలో ఎవరో జామపళ్ళు అమ్ముతున్నారు. మధ్యలో నాచారం ఫ్యాక్టరీల వైపు నుంచి సైరన్ కూడా వినబడింది. ఇంకేం కావాలి.

సాయంత్రం విజయ్ కుమార్‌ని పిలిచి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అక్కనే బావ. మా నాయిన గోదాముల బస్తాలు మోసెటోడు. అక్క పియానో వాయిస్తదంటె మా ఊళ్ళె ఒక్కడు నమ్మలె. పియానో అంటె ఏందని అడిగిన్రు. గా ఊరోళ్ళందర్ని పిలుస్త. ఇది వినాలె వాళ్ళు."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, గుడ్డ కప్పి ఉన్న పియానోను ఒకసారి తాకి వెళ్ళాడు.

జూలై 27, ఆదివారం

నీరజ వచ్చింది. విక్టోరియా మొదటి శిష్యుల్లో ఒకతె. ఇప్పుడు హబ్సిగూడలో ఒక బడిలో సంగీతం చెబుతోంది. క్యాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేస్తానంది. నాక్టర్న్ పెట్టాను. విన్న కాసేపటికే ఆమె ముఖం మారింది. ఫోన్ తీసి టేప్ రికార్డర్ ముందు పెట్టింది. వినబడే సంగీతం ఎవరిదో పేరు చెప్పే ఏర్పాటు ఉంటుందట అందులో.

ఫోన్ మీద ఒక తెల్లాయన ఫోటో వచ్చింది. నేను పలకలేని పేరు. నేను బడికి వెళ్ళే రోజులనాటి రికార్డు.

"మరి ఫ్యాన్ చప్పుడు ఉంది కదమ్మా, సైరన్ ఉంది కదా" అన్నాను.

"టీచర్ రికార్డ్ ప్లేయర్ ముందు టేప్ పెట్టి ఎక్కించేది అంకుల్. రికార్డు తిరుగుతుంటే రూములో చప్పుళ్ళు కూడా దాంట్లో పడతయి. మమ్మల్ని కదలకుండా కూర్చోమనేది, దగ్గు కూడా రానిచ్చేది కాదు."

తర్వాత మెల్లగా అడిగింది. "టీచర్ మీకు వాయించి వినిపించేది కాదా అంకుల్?"

వినిపించేది. చాలాసార్లు వినిపించేది.

జూలై 28

ఫోన్ తప్పు.

జూలై 29

పక్కింటి వాళ్ళబ్బాయి చేత నా ఫోన్‌లో కూడా అది పెట్టించుకున్నాను. పాట మొదట్లో పెట్టి చూశాను. మధ్యలో చూశాను. సౌండ్ బాగా తగ్గించి చూశాను. ప్రతిసారీ అదే తెల్లాయన.

వినిపించేది. ఇల్లంతా ఆ సంగీతమే ఉండేది కదా. నేను పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాణ్ణి, అది వేరే సంగతి.

ఆగస్టు 2

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని ఒక్కటే. భూమి కదిలితే కాగితం మీద గీత కదులుతుంది. ఆ గీత చూసి అది భూకంపమో, క్వారీలో రాళ్ళు పేల్చారో చెప్పాలి. కొత్తవాళ్ళకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. నేను మొదటి ఊపు చూసి చెప్పేవాణ్ణి. ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వచ్చినా మురళీధర్‌ని అడగండి అనేవారు.

విక్టోరియా ఒకసారి హబ్సిగూడలో మా ఆఫీసుకు వచ్చి ఆ గీతలు చూసింది. "గింత గీత సూసి గంత భూమి సంగతి చెప్తవా" అని ఆశ్చర్యపోయింది. ఇంటికొచ్చి వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

అలాంటివాణ్ణి, ఒకే ఇంట్లో ఇన్నేళ్ళు బతికిన మనిషి చెయ్యి పట్టుకోలేకపోయాను. ఎవరో తెల్లాయన్ని తెచ్చి ఆమె తమ్ముడి చేత 'అక్కనే' అనిపించాను.

విజయ్‌కి ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పలేదు.

ఆగస్టు 10, ఆదివారం

నీరజకు నేనే ఫోన్ చేశాను. నాకు నేర్పమన్నాను. వాయించడం కాదమ్మా, వినడం అన్నాను.

వచ్చి ముందు పియానో మీద గుడ్డ తీసింది. విక్టోరియా పోయాక ఆ మూత ఎవరూ ఎత్తలేదు. లోపల నుంచి పాత కర్ర వాసన, కర్పూరం వాసన కలిసి వచ్చాయి. పురుగు పట్టకుండా ఆమె కర్పూరం పెట్టేది.

నీరజ చెయ్యి చాపి పియానో మెట్ల మీద పెట్టింది. "ఇక్కడ చూడండి అంకుల్. షోపాన్‌ది ఇట్ల దూరం దూరం ఉన్న స్వరాలను ఒకేసారి నొక్కాలె." నొక్కింది. నాలుగు స్వరాలు ఒక్క దెబ్బగా మోగాయి. "నాకే కష్టం. టీచర్ చెయ్యి చాలా చిన్నది. అందేది కాదు. అందుకని ఇట్ల చేసేది." ఈసారి కింది స్వరం నుంచి పైకి ఒక్కొక్కటే దొర్లించింది, తలుపు మెల్లగా తెరిచినట్టు. "రికార్డుల్లో పెద్దవాళ్ళు ఒక్కసారి కొట్టే చోట కూడా టీచర్ గిట్లనే వాయించేది. మాకెవ్వరికీ నేర్పలేదు ఇది. నాది అవిటి చెయ్యి, మీరు నన్ను చూసి నేర్చుకోవద్దు అనేది."

నేను ఆమెను పది పన్నెండుసార్లు వాయించమన్నాను. పాపం, విసుక్కోలేదు. రెండింటికీ తేడా పట్టుకునేదాకా కదలనివ్వలేదు. మొదటి ఊపు. మళ్ళీ అక్కడికే వచ్చాను, మొదటి ఊపు.

ఆమె వెళ్ళాక గుర్తొచ్చింది. పెళ్ళికి లాడ్ బజారులో గాజులు కొనడానికి వెళ్ళాం. దుకాణం అతను విక్టోరియా చెయ్యి చూసి, లోపలికి వెళ్ళి చిన్నపిల్లల గాజుల పెట్టె తెచ్చాడు. ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. నేను ఆ చెయ్యి పట్టుకుని చార్మినార్ దాకా నడిచాను. నా పిడికిట్లో మొత్తం ఇమిడిపోయింది.

ఆ చెయ్యి నాకు తెలుసు. దాని చప్పుడే తెలియలేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఆమె దొరికింది.

మూడో వరసలో ఉన్న క్యాసెట్. అదే నాక్టర్న్. మొదటి పెద్ద స్వరాల గుంపు దగ్గరే తెలిసిపోయింది. కింది నుంచి పైకి, మెల్లగా. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

తెల్లాయనలాగా లేదు. ఆయన దగ్గర ఎడమ చెయ్యి ఉందనే తెలియదు. ఈమె ఎడమ చెయ్యి జాగ్రత్తగా, వానలో బురద తొక్కకుండా నడిచినట్టు నడుస్తుంది. సగం దాకా వచ్చి ఒక చోట తప్పింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే తప్పింది. అప్పుడు ఆమె గొంతు.

"అబ్బ, మళ్ల గదే తప్పు."

టేప్ ఆపేశాను.

ఆగస్టు 18

మళ్ళీ విన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

మేడిపల్లి వెళ్ళి విజయ్ కుమార్‌కి అంతా చెప్పాను. వరంగల్ రోడ్డు ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఆటో నత్తలా నడుస్తుంటే, ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని అనుకున్నాను.

ముందు తెల్లాయన సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత ఫోన్‌లో అసలుది వినిపించాను. అక్క గొంతు వచ్చేసరికి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కానీ అయిపోయాక అన్నాడు:

"బావ, నువ్వు ఏమనుకోకు. కూడికల మొదటిదే పెడుదాం."

"అది మీ అక్క కాదు కదా విజయ్."

"ఎవ్వనికి ఎర్క? నీకు, నాకు, నీరజకు. అంతే. మా ఊరోళ్ళు వస్తున్నరు బావ. వాళ్ళ ముందట అక్క తప్పులు వినిపిస్తవా? సూసినవా, బస్తాలు మోసెటోని బిడ్డకు గంతకంటె ఎక్కువ ఏమొస్తది అంటరు. నాకు తెల్వదా వాళ్ళ సంగతి."

నేను ఆ మాటలు పడి పెరిగినవాణ్ణి కాదు. మా తెనాలిలో నేను ఏం చేసినా మావాళ్ళకు గొప్పే. విజయ్ భార్య టీ తెచ్చింది. తాగాం. బస్టాపు దాకా వచ్చి దింపాడు. బస్సు ఎక్కుతుంటే అన్నాడు, "నీ ఇష్టం బావ. మా అక్క ఇజ్జత్ నీ చేతుల పెట్టిన."

అలా అనకుండా ఉంటే బాగుండేది.

ఆగస్టు 29

వీధి చివర వినాయకుణ్ణి పెట్టారు. మైకు. ఏమీ వినడానికి లేదు. ఒకందుకు మంచిదే.

సెప్టెంబరు 7, ఆదివారం

నీరజ రెండూ శుభ్రం చేసి తెచ్చింది. ఏది పెట్టాలో కూడిక రోజు చెప్తానన్నాను. ఫ్యాన్ చప్పుడు మాత్రం తీయొద్దన్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

కూడిక అయింది. ఇప్పుడే వచ్చి కూర్చున్నాను.

చర్చి నిండిపోయింది. ఘట్‌కేసర్ నుంచి, కాజీపేట నుంచి కూడా వచ్చారు. జనగామ దగ్గర వాళ్ళ ఊరి నుంచి విజయ్ ఒక వ్యాన్ నిండా మనుషుల్ని తెచ్చాడు. ముసలివాళ్ళు తెల్ల పంచెలు కట్టుకుని ముందు వరసల్లో కూర్చున్నారు. ఇన్నేళ్ళూ నేను ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చునేవాణ్ణి. ఇవాళ పాస్టర్ గారు ముందుకు రమ్మన్నారు.

కీర్తనలయ్యాక నీరజ నా పక్కకు వచ్చి వంగి, "ఏది అంకుల్?" అంది.

అప్పటిదాకా నాకూ తెలియదు. విజయ్ నా వైపు చూడడం లేదు. చెప్పులు లేని తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. మొదటిది పెట్టు అనడానికి నోరు తెరిచాను. ఆ తెల్లాయన ఫోటో కళ్ళ ముందుకు వచ్చింది. ఆయన బతుకూ చావూ ఎక్కడో. ఇంతమంది ఇంత దూరం వచ్చింది ఆయన కోసం కాదు.

"ఆమెదే" అన్నాను.

మొదలైంది. ముందు అందరూ మామూలుగా విన్నారు. మొదటి స్వరాల గుంపు మెల్లగా దొర్లింది. నా వెనక వరసలో ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. అటుపక్క ఇంకొకరు. తల తిప్పి చూశాను. నడివయసు ఆడవాళ్ళు, మీసాలు నెరిసిన మగవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు. నాకు నెలన్నర పట్టినది వాళ్ళకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

తప్పింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే తప్పింది. "అబ్బ, మళ్ల గదే తప్పు."

చర్చి అంతా నవ్వింది. పాస్టర్ గారితో సహా. అది వెక్కిరించే నవ్వు కాదు. వాళ్ళందరూ చిన్నప్పుడు ఆ మాట పడ్డవాళ్ళే. వెనక నుంచి ఒకావిడ గట్టిగా, "నన్ను రోజు గిదే అనేది టీచర్" అంది. ఇంకొకాయన "నన్నైతే వేళ్ళ మీద కొట్టి అనేది" అన్నాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటున్నారు. ఈలోగా విక్టోరియా మూడోసారి మొదలుపెట్టి, ఆ చోటు దాటేసింది. దాటగానే హాలులో ఎవరో చప్పట్లు కొట్టారు.

అయ్యాక ఊరివాళ్ళలో ఒక పెద్దాయన కర్ర పట్టుకుని లేచి విజయ్ దగ్గరికి వెళ్ళాడు. నేనూ లేచి దగ్గరికి వెళ్ళాను. ఆయన అడిగింది ఇది:

"గీళ్ళందరికి మన విక్టోరియమ్మ సదువు చెప్పిందా?"

"ఔ తాత."

"గింతమందికా?"

"ఔ."

పెద్దాయన చుట్టూ ఒకసారి చూసి, విజయ్ భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

భోజనాల దగ్గర విజయ్ నా విస్తరిలో తనే కూర వడ్డించాడు. వడ్డిస్తూ, "బావ, గా మాట ఉన్న ముక్క జర నా ఫోన్‌ల వేయి. పాట లేకున్న సరే. ఉత్త మాట చాలు" అన్నాడు.

సెప్టెంబరు 16

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పియానో మూత తెరిచే ఉంచాను.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇక వెతకాల్సిన పని లేదు. అయినా మిగిలిన క్యాసెట్లు ఒక్కొక్కటే వింటున్నాను. ఇప్పుడు ఎవరు ఎవరో మొదట్లోనే తెలిసిపోతుంది. తెల్లవాళ్ళు వస్తే ముందుకు తిప్పేస్తాను.

ఇవాళ మధ్యాహ్నం ఒకటి విన్నాను. ఆమే. నాకు పేరు తెలియని పెద్ద పాట. నాక్టర్న్‌లా మెత్తగా లేదు. రెండు చేతులూ పోట్లాడుకుంటున్నాయి. చాలాసేపు ముక్కలు ముక్కలుగా సాధన చేసింది. తర్వాత ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి తప్పు లేదు. ఎక్కడా లేదు. ఆ చిన్న చేతుల్లోంచి అంత చప్పుడు వస్తుందని నాకు తెలియదు. తెల్లాయన రికార్డు పక్కన పెట్టినా ఇదే వింటాను. ఇది పక్షపాతం కాదు, గీతలు చదివినవాణ్ణి చెబుతున్నాను.

పాట ఎక్కడో శిఖరానికి ఎక్కుతోంది. అప్పుడు వెనక నుంచి స్కూటర్ చప్పుడు. నా స్కూటరే. గేటు గడియ తీసిన చప్పుడు.

పాట సగంలో ఆగిపోయింది.

కాస్త ఖాళీ. తర్వాత ఒక చిన్న వాల్ట్జ్, నాట్యం ఆడే పాట, మొదలైంది. పిల్లలు రెండో ఏడాదిలో నేర్చుకునేది.

పెళ్ళయిన కొత్తలో ఎప్పుడో నేను ఆమెతో, నీ షోపాన్‌లో నాకు అర్థమయ్యేది ఇదొక్కటే, ఇది బాగుంది అన్నాను. ఆ తర్వాత నేను ఏ సాయంత్రం గేటు తీసినా లోపల నుంచి ఆ వాల్ట్జే వినబడేది. నేను వచ్చే వేళకు సరిగ్గా అదే వాయిస్తూ ఉండడం ఏదో అలా కుదిరిందనుకున్నాను. రోజంతా అదే వాయిస్తుందేమో అని కూడా అనుకున్నాను. మిగిలిందంతా నేను లేనప్పుడే జరిగింది.

టేప్ ఇంకా తిరుగుతోంది. చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత నా గొంతు, పడుచు గొంతు, నాదే అంటే నమ్మబుద్ధి కాలేదు.

"మళ్ళీ ఇదేనా? నీకు ఇదొక్కటే వచ్చా?"

ఆమె వాయించడం ఆపలేదు. నవ్వు వినబడింది.

"ఔ. నాకు గిదొక్కటే అస్తది. కూసో, చాయ్ పెడత."